పిల్లికి ఒక పద్దు

లోభిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అనడం మనకు వాడుక. ఇన్ని జంతువులుండగా లోభత్వాన్ని కొలవడానికి మనవారు పిల్లినే ఎందుకు ఎన్నుకున్నారన్న ప్రశ్న నాకు చాలాకాలం తట్టలేదు. మొన్న సంక్రాంతికి నారాయణపేటలో మా అక్కగారి ఇంటికి వెళ్ళి, ఆమె వ్రాసుకొనే జమాఖర్చుల పుస్తకం తిరగవేసినప్పుడు మాత్రం తట్టినది. కందిపప్పు, జొన్నలు, కరెంటు బిల్లు, పిల్లవాని బడి ఫీజు, వీటి సరసన "పిల్లి" అని ఒక పద్దు ఉన్నది. నేను నవ్వినాను.

"నవ్వకు తమ్మీ, దాని లెక్క రాయకనే ఒకసారి మోసపోయినం" అన్నది అక్క.

ఆ మోసమేమిటో తరువాత మనవి చేస్తాను. ముందు ఆ ఇంటి సంసారం ఎట్లా నడుస్తున్నదో చెప్పవలసి ఉన్నది. పొదుపును గూర్చి రేడియోలో వినవచ్చే ప్రసంగాలు చాలావరకు నెల జీతగాండ్రకు ఉద్దేశింపబడినవి. ఒకటవ తేదీ జీతం వస్తుంది, దానిని ఇన్ని భాగాలు చేయండి, ఇంత బ్యాంకులో వేయండి అంటాము. ఇట్టి ప్రసంగాలు నేనూ కొన్ని చేసినాను. ఒకటవ తేదీ అనేది లేని ఇండ్లు ఈ దేశంలో ఎన్ని ఉన్నవో అప్పుడు నా మనస్సుకు రాలేదు.

నారాయణపేట పూర్వం మహబూబునగరం జిల్లాలోని పట్టణం. 2019 ఫిబ్రవరిలో తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కర్ణాటక సరిహద్దు చేరువలోనే ఉండడంచేత బజారులో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ కూడా వినిపిస్తవి. గళ్ళ నేత, గుడి గోపురాల వంటి అంచు గల ఆ ఊరి చీరను గురించి శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ నేతలో ఒక విశేషం ఉన్నది. దానికీ ఇంటి లెక్కలకూ దగ్గరి సంబంధం. అక్కడ మగ్గానికి ఒక్క చీరకు సరిపడే పడుగు కాక, ఎనిమిది చీరలకు సరిపడే పడుగును ఒకేసారి ఎక్కించే పద్ధతి ఉన్నది. చీరకు 7 గజాల వంతున 56 గజాలు. ఎనిమిదవ చీర కోసిన తరువాత, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకవలె. ఆ అతుకు పని సాగినన్ని రోజులు నేత లేదు, కూలి లేదు. పొయ్యి మాత్రం రోజూ వెలగవలసినదే.

మా బావగారి ఇంటిలో రెండు గుంట మగ్గాలు ఉన్నవి. అక్క లెక్కకు నెల లేదు, పడుగు ఉన్నది. ఒక పడుగు మీద వచ్చిన డబ్బును ఆమె తొమ్మిది భాగాలు చేస్తుంది. ఎనిమిది భాగాలు ఎనిమిది చీరలు నేసే కాలానికి. తొమ్మిదవది అతుకు రోజులకు. దానిని విడిగా ఒక డబ్బాలో వేసి, దూలానికి వ్రేలాడే ఉట్టిలో పెడుతుంది. "ఎనిమిది చీరల పైసలతోని తొమ్మిది చీరల పొద్దు గడవాలె" అని ఆమె సూత్రం. అర్థశాస్త్రం ఎం.ఏ. వరకు చదివిన నాకు ఇంతకంటే స్పష్టమైన బడ్జెట్ సూత్రం ఏ పుస్తకంలోను కనిపించలేదు.

ఆ ఇంట ఈ అలవాటు కొత్తది కాదు. అక్కగారి అత్తగారి తండ్రి వ్రాసిన పుస్తకం ఒకటి పెట్టెలో ఉన్నది. నిజాం ప్రభుత్వపు హాలీ రూపాయలు, ఇంగ్లీషువారి కంపెనీ రూపాయలు దానిలో రెండు వరుసలలో నడుస్తవి. ఏడు హాలీ రూపాయలు ఆరు కంపెనీ రూపాయలకు సమానం. రూపాయకు పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేవరకు మన పెద్దలు ఇన్ని రకాల గుణకారాలు నోటితో చేసి సంసారం నడిపినారు. ఆ పుస్తకంలో ఎక్కడా కొట్టివేత లేదు. అక్క పుస్తకంలో చాలా ఉన్నవి.

నేతపనికి చెడ్డకాలం వానకాలం. గుంటలో చెమ్మ చేరుతుంది. పడుగును వీధిలో సాచి గంజి పట్టించడానికి ఎండ ఉండదు. శ్రావణ భాద్రపదాలలో ఒక పడుగు పూర్తికావడానికి వేసవిలో పట్టేదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది, కూలి మాత్రం అంతే. 2017లో మన రాష్ట్రంలో ప్రారంభమైన నేతన్నల పొదుపు పథకంలో, కార్మికుడు తన కూలిలో 8 శాతం జమచేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపే ఏర్పాటు చేసినారు. బావ అందులో చేరినాడు. అది దూరపు అవసరాలకు పనికివచ్చే డబ్బు. భాద్రపద మాసపు కూరకు మరొక ఉపాయం కావలె.

ఆ ఉపాయం పెరడు. అదృష్టమేమంటే, మగ్గం మందగించే కాలంలోనే మట్టికి ఊపు వస్తుంది. పెరడు అంటే పెద్ద తోట అని భ్రమపడవద్దు. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు తొమ్మిది అడుగులు. ఇంచుమించు పది చదరపు మీటర్లు. మొదట అది సున్నపు పెళ్ళలతో నిండిన ఎర్రనేల, నీరు పోస్తే నిలిచేది కాదు. చెరువు పూడిక తీస్తున్నప్పుడు ఒక బండి ఒండ్రు తెప్పించి కలిపినారు. ఒండ్రులోని సన్నని మట్టి రేణువులు తేమను పట్టి ఉంచుతవి. మా ప్రాంతం వంటి మెట్ట సీమకు అంతకంటే మంచి ఎరువు లేదనవచ్చును.

నీటి లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే పెరటితోటలు ఎండిపోయేది అక్కడనే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఎండ రోజులలో ఆకుకూరల మడికి రోజుకు ఇంచుమించు అయిదు మిల్లీమీటర్ల నీరు కావలె. అంటే పది చదరపు మీటర్లకు 50 లీటర్లు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరంతా చేర్చినా ఇందులో సగం రాదు. కనుక వేసవిలో అక్క మడి మొత్తం వేయదు. మూడవవంతు మాత్రమే తడిపి, తక్కిన నేలను ఎండుటాకులతో కప్పివేస్తుంది. వానకాలంలో వెనుక రేకుల కప్పు నుండి జారే నీరు పీపాలో పడుతుంది. ఆ కప్పు 30 చదరపు మీటర్లు, పీపా 200 లీటర్లు. ఏడు మిల్లీమీటర్ల చిన్న వానకే పీపా పొంగుతుంది. సబ్బు నీరు ఆకుకూరలకు పోయరాదు. దానిని మూలనున్న అరటికి మళ్ళించినారు.

అక్కడ పెరిగేవి పుంటికూర, తోటకూర, పాలకూర, చుక్కకూర, నాలుగు మిరప మొక్కలు, ఒక కల్యమాకు చెట్టు, గోడమీద చిక్కుడు, రేకులమీద ఆనప. కొనుగోలు విత్తనాలు తక్కువ. ప్రతి రకంలోను ఒక మంచి మొక్కను కోయకుండా గింజకు వదలుతారు. తోటకూరను, పాలకూరను ఒకేసారి అంతా చల్లరు. పదిహేను రోజులకొక చారెడు నేల వంతున చల్లుతారు. అందుచేత ఒక వారం కూర వెల్లువయి తరువాతి మూడు వారాలు కరవు కాకుండా ఉంటుంది. చిక్కుడు సంగతి వేరు. మన పాతరకపు తీగ చిక్కుడును ఆషాఢంలో నాటినా శ్రావణంలో నాటినా, పగటి పొద్దు తగ్గేవరకు అది పూతకు రాదు. తీగ బలిసినది, కాయ లేదని విసుగుకొని పెరికివేసిన వారిని నేను ఎరుగుదును. పొద్దుతో నిమిత్తం లేకుండా కాచే పొట్టి రకాలను బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు తయారుచేసినారు కాని, అక్కకు గోడమీద పాకేదే కావలె.

ఆనప ఒక ఏడాది ఏడిపించినదట. పూలు విరివిగా పూసినవి, పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోయినవి. పురుగుమందు కొనబోతుంటే పక్కింటి ముసలమ్మ ఆపినది. ఆనప పువ్వు సాయంకాలం విచ్చుకుంటుంది. పగటి తేనెటీగలు అప్పటికి గూటికి చేరుతవి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు లేని చోట పుప్పొడి చేరవేసేవారుండరు. దీపాలవేళ మగపువ్వును కోసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు నడిమి భాగానికి తాకిస్తే సరి. బీరకు కూడా ఇదే చికిత్స. మందు ఖర్చు మిగిలినది, కాయలు నిలిచినవి.

ఇక పిల్లి. నేతగాని ఇంట పిల్లి విలాసం కాదు. గంజి పట్టిన నూలంటే ఎలుకకు ప్రాణం. ఒక రాత్రి పడుగుమీద ఎలుక తిరిగినదంటే తెల్లవారి తెగిన పోగులు అతకడానికే సరిపోతుంది. అదిగాక జొన్నల గుమ్మి ఉన్నది. పెద్ద ఎలుక రోజుకు ఇంచుమించు 25 గ్రాముల గింజలు తింటుంది. ఏడాదికి తొమ్మిది కిలోలు. అది పాడుచేసేది ఈ లెక్కలో లేదు. ఎలుకలమందు పెట్టవచ్చును గదా అంటారేమో. మందు తిన్న ఎలుకను తిని పిల్లి చచ్చిన ఇండ్లు ఉన్నవి. పసిపిల్లలున్న ఇంట అది మరీ ప్రమాదం. కండెలతో ఆడి చిక్కులు వేసే దుర్గుణం పిల్లికి లేకపోలేదు. చిక్కు విప్పవచ్చును, కొరికిన పోగు అతకడం కష్టం.

అక్క చెప్పిన మోసం ఇప్పటి పిల్లిది కాదు, దీనికి ముందున్న బూడిదరంగు పిల్లిది. అక్కగారి అత్తగారికి ఇంటిలోకి మాంసం రానీయని నియమం ఉన్నది. పిల్లికి పాలు, పాలలో నానవేసిన రొట్టె పెట్టేవారు. ఎలుకలు ఉన్నన్నాళ్ళు దానికి లోటు తెలియలేదు. తరువాత గుమ్మి తీసివేసి రేకు డబ్బాలు కొన్నారు, గోడల బొరియలు సిమెంటుతో పూడ్చినారు, ఎలుకలు తగ్గినవి. అందరూ సంతోషించినారు. పిల్లి పాలు రొట్టెలమీదనే బ్రతికినది. కొన్నాళ్ళకు అది మగ్గం గుంజకు తల కొట్టుకొనసాగినది. పట్టపగలు కూడా కంటిపాపలు పెద్దవిగా తెరచుకొని ఉండేవి. కళ్ళ ముందు చేయి ఆడించినా రెప్ప వేయలేదు. పశువైద్యుడు చూసి, ఇది గ్రుడ్డిదైనది, చూపు తిరిగిరాదు అన్నాడు.

కారణం ఇది. టారీన్ అనే పదార్థం కంటిలోని వెలుగును గ్రహించే పొరకు, గుండె కండరానికి అవసరం. 1827లో జర్మనులు దానిని ఎద్దు పిత్తరసంలో కనుగొన్నారు. పేరు కూడా ఎద్దునుండే వచ్చినది. మన శరీరం దానిని తయారుచేసుకొంటుంది. పిల్లి శరీరం చాలినంత చేసుకోలేదు, పైగా పిత్తరసం కోసం నిత్యం ఖర్చుపెడుతుంది. రాబడి తక్కువ, ఖర్చు తప్పనిసరి. అక్క భాషలో చెప్పాలంటే అతుకు రోజులే తప్ప చీర లేదు. ఎలుకలోను, చేపలోను, మాంసంలోను అది ఉన్నది. ధాన్యంలో లేదు, పాలలో ఉన్నది అత్యల్పం. ఇది లేని పిల్లికి చూపు పోతుందని 1975లో, గుండె చెడుతుందని 1987లో శాస్త్రజ్ఞులు తెలిపినారు. దీనికి తోడు పెరిగిన పిల్లులలో చాలావాటికి పాలే అరగవు.

"పాలు పోస్తున్నం గద, ఇంకేం తక్కువ అనుకున్నం" అన్నది అక్క. ఆ గ్రుడ్డి పిల్లి మరి మూడేండ్లు బ్రతికినది. మగ్గం చప్పుడును బట్టి దారి తెలుసుకొనేదట. మగ్గం ఆగిన రోజులలో ఉన్నచోటనే కూర్చుండేదట.

రెండవ పిల్లి వచ్చినప్పుడు అత్తగారే తీర్పు చెప్పినది: "నా నేమం నాది, దాని తిండి దానిది. పెరట్ల పెట్టుండ్రి." రోజుకు నూరు మిల్లీలీటర్ల పాలు మానివేసినారు. లీటరు 60 రూపాయల చొప్పున నెలకు 180 రూపాయలు మిగిలినది. దానికి మరి కొంత చేర్చి, టారీన్ కలిపి తయారుచేసిన పిల్లిమేత కొంటారు. పక్కింటివారు చేపలు వండిన రోజున తునకలు ఇస్తారు. వాటిని ముళ్ళు తీసి, కొద్దిగా ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళతో సహా పెట్టవలె; టారీన్ నీటిలోకి దిగిపోతుంది కనుక ఆ నీరు పారబోస్తే ఫలం లేదు. పచ్చి చేప పనికిరాదు, అందులో కొన్ని రకాలు బి-విటమినును నాశనం చేస్తవి.

పెరటికీ పిల్లికీ తగవు ఒకటి ఉన్నది. కొత్తగా త్రవ్విన మెత్తని మడి పిల్లికి మరుగుదొడ్డిగా తోస్తుంది. దాని మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. గర్భిణీ స్త్రీలకు, గర్భంలోని శిశువుకు అది హాని చేస్తుంది. అందుచేత విత్తిన మడిమీద తుమ్మకంప పరచి, ఒక మూల ఇసుక పెట్టె ఉంచినారు. ఆ సూక్ష్మజీవి అంటుకొనే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక పెట్టెను ప్రతిదినం శుభ్రం చేస్తే భయం చాలావరకు తీరుతుంది. మా మేనకోడలు ఇప్పుడు అయిదవ నెల. ఆ పని బావకు అప్పగించినారు. ఆకుకూర మూడు నీళ్ళలో కడగనిదే పొయ్యి ఎక్కదు.

నేను బయలుదేరేనాడు అక్క కొత్త పేజీ తెరచి, పిల్లి పద్దు క్రింద "పిచ్చికుక్క టీకా" అని వ్రాసి అంకె వేయకుండా ఖాళీ ఉంచినది. మంగళవారం పశువైద్యశాలకు తీసుకొనిపోవలెనట. ఏ బుట్టలో పెట్టి తీసుకుపోవాలన్నది ఇంకా తేలలేదు. నూలు కండెల బుట్ట ఇవ్వనని బావ పట్టుబట్టి కూర్చున్నాడు.