బోర్డు మీద 'ఇంటర్నేషనల్'... పలక మీద ఏమిటి?

అమీర్‌పేట (హైదరాబాద్): ఉదయం ఏడున్నర వేళ అమీర్‌పేట చౌరస్తాలో నిలబడితే రెండు రకాల చదువులు కనిపిస్తాయి. మైత్రీవనం వైపు సంచి భుజాన వేసుకుని కంప్యూటరు కోర్సులకు పరుగులు తీసే కుర్రకారు ఒక పక్క. మెట్రో స్టేషను నీడలో అమ్మ చేయి పట్టుకుని, నిద్ర కళ్ళతో పసుపు పచ్చ బస్సు కోసం ఎదురుచూసే ఆరేళ్ళ పిల్లలు మరో పక్క. ఆ కుర్రవాళ్ళలో అధిక సంఖ్యాకులు పల్లెల నుంచి వచ్చినవారే. కోర్సు ముగించి, ఉద్యోగం సంపాదించి, ఎల్లారెడ్డిగూడలోనో, పంజగుట్ట ద్వారకాపురి కాలనీలోనో అద్దెకు దిగినవారు పదేళ్ళు తిరిగేసరికి ఆ రెండో వరుసలో తమ పిల్లల చేయి పట్టుకుని నిలబడుతున్నారు.

వారిని వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. పిల్లవాణ్ణి ఏ బడిలో వేయాలి?

బడి పేర్ల మోజు పల్లెవాసులకు కొత్త కాదు. ఒకప్పుడు ఇంగ్లీషు బడి అంటే కాన్వెంటు. సన్యాసినులు ఒక్కరూ లేని చోట కూడా 'కాన్వెంట్' అన్న బోర్డు వెలిసింది. తర్వాత 'పబ్లిక్ స్కూల్' వచ్చింది (అందులో పబ్లిక్‌కు ఏపాటి చోటుందో వేరే సంగతి). ఆపైన మోడల్, కాన్సెప్ట్, టెక్నో, ఒలింపియాడ్. ఇప్పుడు చెలామణిలో ఉన్న మాట 'ఇంటర్నేషనల్'. ఈ మాట పేరులో ఉన్నంత మాత్రాన లోపల చెప్పే పాఠం ఏదో తెలియదు. రాష్ట్ర సిలబసు కావచ్చు, సీబీఎస్ఈ కావచ్చు, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వారిది కావచ్చు, జెనీవాలో పుట్టిన ఐబీ కావచ్చు. పేరు చూసి చేర్పించి, సిలబసు సంగతి తర్వాత తెలుసుకునేవారూ ఉన్నారు!

ఎవరి కోసం పుట్టింది?

అసలు ఈ చదువు పుట్టుక తెలుసుకోదగినది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జెనీవాలో నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడ్డాయి. ఆ కార్యాలయాల ఉద్యోగుల పిల్లల కోసం 1924లో అక్కడ ఇంటర్నేషనల్ స్కూలు ప్రారంభమైంది. తండ్రికి దేశం నుంచి దేశానికి బదిలీ అయినా పిల్లవాడి చదువు తెగిపోకూడదన్నది అక్కడి అవసరం. ఆ అవసరం నుంచే 1968లో ఇంటర్నేషనల్ బకలారియెట్ (ఐబీ) సంస్థ పుట్టింది. మొదట అది కాలేజీ మెట్టు ఎక్కబోయే పెద్ద పిల్లల చదువు మాత్రమే. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల కోసం 'ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్' 1997లో గాని రాలేదు.

హైదరాబాద్ పరిసరాల్లోనూ కథ అదే విధంగా నడిచింది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పరిశోధనకు పరదేశాల నుంచి శాస్త్రజ్ఞులు కుటుంబాలతో వచ్చారు. వారి పిల్లల కోసం ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ హైదరాబాద్ ఏర్పడింది. తర్వాతి కాలంలో గచ్చిబౌలి వైపు ఓక్రిడ్జి, మహేశ్వరం వైపు 2011లో ఆగాఖాన్ అకాడమీ వంటివి వచ్చాయి. విశాలమైన ఆటస్థలాలు కోరే ఈ బడులకు అమీర్‌పేట సందుల్లో చోటెక్కడిది? అందుకే ఇక్కడి పిల్లలకు బస్సు ప్రయాణం తప్పడం లేదు. ఫీజు ఏడాదికి లక్షల్లో మాట.

పాఠం ఎలా సాగుతుంది?

ఐబీ ప్రాథమిక విద్యలో ఏడాది పొడుగునా ఆరు ఇతివృత్తాలు తిరుగుతుంటాయి. మనం ఎవరం, ఏ చోట ఏ కాలంలో ఉన్నాం, మనసులోని మాటను ఎలా తెలుపుకుంటాం, లోకం ఎలా నడుస్తుంది, పనులను మనుషులు ఎలా ఏర్పాటు చేసుకుంటారు, భూమిని తోటి జీవులతో ఎలా పంచుకుంటాం - స్థూలంగా ఇవీ ఆరు. భాష, లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం, కళలు, వ్యాయామం అన్నీ ఉంటాయి. అయితే లెక్కల గంట, సైన్సు గంట అని గిరి గీసినట్టు విడిపోకుండా, వీలున్నంత వరకు ఒక ఇతివృత్తం చుట్టూ అల్లుకుని వస్తాయి.

ఎర్రగడ్డ రైతు బజారునే తీసుకోవచ్చు. 'పనులను మనుషులు ఎలా ఏర్పాటు చేసుకుంటారు' అన్న పాఠానికి అంతకన్న మంచి పుస్తకం లేదు. టమాటా ఏ ఊరి నుంచి వచ్చింది, ధర బోర్డు మీద ఎవరు రాశారు, కిలో ముప్పై అయితే ముప్పావు కిలోకు ఎంత, మిగిలిపోయిన ఆకుకూర సాయంత్రానికి ఏమవుతుంది - పిల్లలు అడిగి తెలుసుకోవాలి. తూకంలో లెక్కలు, ఆకుకూర వాడిపోవడంలో సైన్సు, రైతు వచ్చిన దారిలో భూగోళం దొరుకుతాయి. తరగతికి తిరిగివచ్చి బొమ్మలు గీసి, రాసి, తోటివారికి చెప్పాలి. చివరి ఏడాది పిల్లలే ఒక సమస్యను ఎంచుకుని, వారాల తరబడి పరిశీలించి, తల్లిదండ్రుల ముందు ప్రదర్శన ఇవ్వాలి. బయటివారు పెట్టే పరీక్ష ఈ మెట్టులో లేదు. ఐబీ నిర్ణయించిన పాఠ్యపుస్తకమూ లేదు.

కేంబ్రిడ్జి పద్ధతి వేరు. అయిదేళ్ళ నుంచి పదకొండేళ్ళ వరకు ఆరు దశలు. ఏ దశలో ఏమి రావాలో రాసి ఉంటుంది. ఆరో దశ చివర 'చెక్‌పాయింట్' అనే పరీక్ష పెట్టుకునే వీలుంది.

ర్యాంకులతో, వీపు మోయలేని పుస్తకాల సంచితో పెరిగిన తండ్రికి ఇదంతా వింతగా తోచడంలో తప్పు లేదు. పుస్తకం ఏది, హోంవర్కు ఏది, క్లాసులో ఎన్నోవాడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరకదు. ఎక్కాలు రావని తాతగారి బెంగ. ఆ బెంగను చాదస్తమని కొట్టిపారేయనక్కరలేదు. ఉద్యోగం ఊగిసలాడినా, ఫీజు భారమైనా పిల్లవాణ్ణి ఆరో తరగతిలో మామూలు బడికి మార్చవలసి వస్తుంది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుంది గాని, మూడు గంటలు కదలకుండా కూర్చుని పరీక్ష రాసే అలవాటును చట్టం నేర్పదు కదా!

మదనపల్లె దగ్గరే ఉంది

అయితే ఈ పద్ధతి అంతా సీమ సరుకు అనుకోవడం పొరపాటు. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ పాఠశాల మదనపల్లె దగ్గర ఉంది. దాని గ్రామీణ విద్యా కేంద్రం 1980 దశకంలోనే చుట్టుపక్కల పల్లెల్లో ఒంటి గది బడులు నడపసాగింది. పద్మనాభరావు, రమ దంపతులు ఆ పనికి నడుం కట్టారు. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు, ఒకే పంతులు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లు మెట్లుగా పేర్చారు. పిల్లవాడు తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటాడు. జ్వరం వచ్చి పది రోజులు మానేసినా వెనకబడ్డానన్న మాట లేదు. ఆగిన మెట్టు నుంచే మళ్ళీ మొదలు. ఇదంతా తెలుగులో, కూలి చేసుకునేవారి పిల్లలకు! ఈ నమూనా చూసే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులలో కార్యకృత్యాల పద్ధతి ప్రవేశపెట్టారు. అది 2007 నాటికి తమిళనాడు అంతటా పాకింది.

మన సర్కారు పుస్తకాలూ మరీ వెనకబడి లేవు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పాఠాల్లో 'ఆలోచించి చెప్పండి', 'అడిగి తెలుసుకోండి', ప్రాజెక్టు పని వంటివి చేరాయి. లేనిదల్లా చేయించే తీరిక. రెండు మూడు తరగతులను ఒక్క టీచరు చూసుకునే చోట పిల్లలను చెరువు గట్టుకు తీసుకువెళ్ళి ప్రశ్నలు అడిగించే పని సాగేదెలా? ఐబీ బడిలో ఫీజుతో కొనుక్కునేది ముఖ్యంగా ఈ తీరికనే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జనవరి 31న ఐబీతో ఒప్పందం చేసుకుని, సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెడతామని ప్రకటించింది. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ పథకం మూలపడింది.

తాత మాట ఎక్కడ?

'ఏ చోట, ఏ కాలంలో ఉన్నాం' అన్న ఇతివృత్తం వచ్చినప్పుడు ఇంట్లో పెద్దలను ప్రశ్నలడిగి రమ్మంటారు. పల్లెలో తాత ఉన్న పిల్లవాడికి ఇది వరమే. మోట కొట్టిన సంగతి తాత చెబుతాడు. ఎద్దులు వెనక్కి నడవడం, గిరక కిర్రుమనడం, మోకు, తోలు తొండం, కాలువలోకి నీళ్ళు దూకడం అన్నీ చెబుతాడు. పిల్లవాడు బడికి వెళ్ళి ఇంగ్లీషులో 'తోలు బకెట్' అని రాసుకుంటే చెప్పినదాంట్లో మిగిలేది ఎంత? తాత చదవలేడు. చదివి వినిపించినా అది తన మోట అని గుర్తుపట్టలేడు.

ఇందుకు ఐబీని తప్పుపట్టే వీలు కూడా లేదు. ఏడేళ్ళ వయసు నుంచి ప్రతి పిల్లవాడికీ ఒకటి కన్న ఎక్కువ భాషలు నేర్చే అవకాశం ఉండాలని అది నియమం పెట్టింది. ఇంటి భాషను నిలబెట్టాలనీ చెబుతోంది. దానికి తోడు తెలంగాణ శాసనసభ 2018లో తెలుగు బోధనను నిర్బంధం చేస్తూ చట్టం చేసింది. అది రాష్ట్ర సిలబసుతో పాటు సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడులన్నిటికీ వర్తిస్తుంది. 2018-19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలై ఏటా పై తరగతులకు సాగేలా ఏర్పాటు చేశారు. 2025 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు ఈ బోర్డుల పిల్లలు 'వెన్నెల' అనే సరళ వాచకం చదువుకోవచ్చని ఉత్తర్వు వెలువడింది.

తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పదో తరగతిలో సరళ తెలుగు! ఒకటి నుంచి అయిదు వరకు వారానికి రెండు పీరియడ్లలో అక్షరాలు దిద్దించి ఊరుకుంటే జరిగేది అదే. రైతు బజారు పాఠాన్ని తెలుగు పీరియడులో తెలుగులోనే ఎందుకు రాయించకూడదు? ఐబీ పద్ధతిలో అందుకు అడ్డు లేదు, అడిగే తల్లిదండ్రులు కావాలి.

అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఐబీ గుర్తింపు పొందిన బడుల జాబితా ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉంటుంది. కేంబ్రిడ్జి, సీబీఎస్ఈ జాబితాలు కూడా అంతే. గుర్తింపు కోసం దరఖాస్తు దశలో ఉన్న 'క్యాండిడేట్' బడి, గుర్తింపు వచ్చిన బడి ఒకటి కావు. 'సీబీఎస్ఈ సరళి' అన్నా, 'ఐబీ తరహా' అన్నా అనుబంధం ఉన్నట్టు కాదు. ఆరో తరగతికి బడి మార్చవలసి వస్తే ఏ రికార్డులు ఇస్తారు, వాటిలో మార్కులు ఉంటాయా, టీచరు రాసిన పరిశీలనలు మాత్రమే ఉంటాయా అన్నది ఫీజు కట్టక ముందే తెలుసుకోవాలి. మూడో తరగతి పిల్లలు రాసిన తెలుగు నోటుబుక్కు ఒకటి చూపించమని అడగాలి.