టక్ టక్... ఏ జాయింట్‌ది?

బీటెక్ మెకానికల్ అయ్యాక నా మొదటి ఇంటర్వ్యూ ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో. ‘సీవీ జాయింట్ అంటే ఏంటి?’ అని అడిగారు. ‘కాన్‌స్టంట్ వెలాసిటీ జాయింట్ సార్. షాఫ్ట్ కోణంలో వంగి తిరుగుతున్నా వేగంలో తేడా రానివ్వదు’ అని గడగడా చెప్పేశా. ఆయన లేచి షెడ్డులో ఉన్న ఓ పాత కారు దగ్గరికి తీసుకెళ్లారు. ‘మలుపుల్లో టక్ టక్‌మంటోందట. ఏం మారుద్దాం?’ అన్నారు. ‘రెండు డ్రైవ్ షాఫ్టులూ మార్చేద్దాం సార్’ అన్నా. ‘డబ్బులు నువ్విస్తావా?’ అని నవ్వారు. ఉద్యోగం రాలేదు.

ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గర మూడు నెలలు పనిచేశా. భాగం పేరు తెలియడం వేరు, అది అరిగిందో లేదో తేల్చడం వేరని అక్కడే అర్థమైంది. ఆటోమొబైల్ సర్వీస్‌లోకి వెళ్లాలనుకుంటే మీకు అన్నం పెట్టేది రెండోదే.

ఏది ఎక్కడుంటుంది?

అంబాసిడర్ లాంటి పాత కార్లను వెనక చక్రాలు తోసేవి. 1983లో వచ్చిన మారుతి 800 ఫ్రంట్ వీల్ డ్రైవ్. నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగం అలాంటివే. వీటిలో ముందు చక్రాలే బండిని లాగాలి, స్టీరింగ్‌తో పాటు అవే తిరగాలి. అందుకే ఒక్కో చక్రానికి ఒక షాఫ్ట్, దానికి రెండు చివర్లా జాయింట్లు. చక్రం వైపుండే అవుటర్ జాయింట్‌లో సాధారణంగా ఆరు స్టీల్ బాల్స్ గాడుల్లో కదులుతుంటాయి. గేర్‌బాక్స్ వైపుండే ఇన్నర్ జాయింట్, చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడల్లా కాస్త లోపలికీ బయటికీ జారుతుంది. రెండింటికీ గ్రీజు నింపిన రబ్బరు బూట్ ఉంటుంది.

జబ్బు బూట్ దగ్గరే మొదలు

బూట్ చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి పోతాయి. అక్కడి నుంచి అరుగుదల వేగం పుంజుకుంటుంది. కాబట్టి ముందు కంటితో చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి, బూట్ మడతల్లో పగుళ్లున్నాయా, చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మిందా చూడాలి. బూట్ చిరిగినా చప్పుడు లేకపోతే, విప్పి కడిగి చూడాలి. గాడులు నున్నగా ఉంటే కొత్త గ్రీజు, కొత్త బూట్‌తో సరిపోవచ్చు. చప్పుడు మొదలయ్యాక మాత్రం గ్రీజుతో బాగుపడదు.

చెవితో పరీక్ష

* ఖాళీ మైదానంలో స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా నడపండి. చక్రం వేగంతో పాటు టక్ టక్ పెరిగితే అవుటర్ జాయింట్‌ను అనుమానించాలి. సాధారణంగా మలుపుకు బయటి వైపున్నదే మోగుతుంది. ఎడమకు తిప్పితే కుడిది అన్నమాట. రెండో వైపు తిప్పి కూడా చూడాలి.

* తిన్నగా వెళ్తూ వేగం పెంచుతుంటే వణికి, కాలు తీయగానే తగ్గితే ఇన్నర్ జాయింట్ కావచ్చు. ఇంజిన్ మౌంట్లూ చూడాలి.

* వేగంతో పాటు ‘గూ...’ అని ఆగకుండా మోగుతుంటే వీల్ బేరింగో, టైరో చూడండి.

చేత్తో పరీక్ష

ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. ఉత్త జాకీని నమ్మి కిందకు దూరొద్దు. ఒకరు చక్రం కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు షాఫ్ట్‌ను అటూ ఇటూ మెలితిప్పి అవుటర్ జాయింట్ దగ్గర ఎంత లూజుందో గమనించాలి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఇన్నర్ జాయింట్ లోపలికీ బయటికీ జరగడం చూసి ‘ఇది పోయింది బాబాయ్’ అన్నా నేను. ‘అది దాని పనిరా అబ్బాయ్’ అన్నాడు. గేర్ల మధ్య కొద్దిపాటి లూజు కూడా మామూలే. సందేహమొస్తే రెండో వైపు షాఫ్ట్‌తో పోల్చండి. రెండూ ఒకే వయసువి కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పేయకండి.

ఇంకోచోట ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఈసారి ఏం మార్చాలో చెప్పలేదు. ‘ముందు బూట్ చూస్తా, తర్వాత నడిపి వింటా, రెండు వైపులా పోలుస్తా, అప్పుడు చెప్తా సార్’ అన్నా. ఉద్యోగం వచ్చింది.

ఎలక్ట్రిక్ కార్లొస్తే ఇదంతా దేనికంటారా? వాటిలోనూ మోటారు నుంచి చక్రానికి దాదాపుగా ఇవే షాఫ్టులు, ఇవే జాయింట్లు. ఈ ఆదివారం ఇంట్లోనో పక్కింట్లోనో పదేళ్ల కారుంటే, అడిగి ఒకసారి బూట్ చూడండి. మీ రెజ్యూమెలో లేని పాఠం అక్కడుంటుంది.