పిన్ ఒకటే, పని వేరు: కొత్త ల్యాప్‌టాప్‌కు కేబుల్ ఎంచుకోవడం

పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కు ఒక్కో పనికి ఒక్కో పోర్టు ఉండేది. ఛార్జింగ్‌కు గుండ్రటి పిన్, ప్రొజెక్టర్‌కు వీజీఏ, టీవీకి హెచ్‌డీఎంఐ, ఇంటర్నెట్‌కు ల్యాన్, పెన్‌డ్రైవ్‌కు యూఎస్‌బీ. ఒకదానిది మరొకదానిలో పట్టేది కాదు కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. ఇప్పుడు చాలా పల్చటి మోడళ్లలో రెండో మూడో చిన్న కోల పోర్టులే కనిపిస్తున్నాయి. అదే యూఎస్‌బీ టైప్‌-సి (ఎటు తిప్పి పెట్టినా పట్టే 24 పిన్నుల కనెక్టర్). 2014లో దీని ప్రమాణం ఖరారైంది.

ఇకపై ఇదే మరింత విస్తరిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు టైప్‌-సి ఛార్జింగ్‌ను తప్పనిసరి చేసింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కూడా 2023లో టైప్‌-సికి ప్రమాణం ప్రకటించింది. ఇంటి నిండా వేర్వేరు ఛార్జర్లు పోగుపడే బాధ దీంతో తగ్గుతుంది. అది మంచి మార్పే. అయితే కొనేవాళ్లకు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. టైప్‌-సి అన్న మాట ఆకారాన్ని మాత్రమే చెబుతుంది. ఆ పోర్టు ఏం చేయగలదో, ఆ కేబుల్ ఎంత మోయగలదో చెప్పదు.

ఈ పోర్టు చేయగల పనులు ముఖ్యంగా మూడు: ఛార్జింగ్, ఫైళ్ల బదిలీ, బయటి తెరకు బొమ్మ పంపడం. మూడూ చేసే పోర్టు ఉంటుంది. ఫైళ్లు మాత్రమే పంపే పోర్టూ ఉంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కనున్న రెండు పోర్టులు కూడా ఒకలాంటివి కాకపోవచ్చు. కేబుళ్లదీ అదే పరిస్థితి. ల్యాప్‌టాప్ పోర్టు, కేబుల్, అవతలి పరికరం, ఈ మూడింటిలో దేని శక్తి తక్కువైతే దానికే పని పరిమితం అవుతుంది. అందుకే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినా, ‘టైప్‌-సి కేబుల్ ఇవ్వండి’ అంటే సరిపోదు. ఏ పనికో చెప్పాలి.

ముందు ఛార్జింగ్ సంగతి చూద్దాం. మీ అడాప్టర్ వెనక సన్నటి అక్షరాలు ఉంటాయి. అవుట్‌పుట్ అన్నచోట 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండింటినీ గుణిస్తే 65 వాట్లు. మామూలు ఆఫీసు, కాలేజీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అవసరమయ్యేది ఇంతే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు ఇంతకు రెండు మూడు రెట్లు కావచ్చు.

పాత గుండ్రటి పిన్ ఛార్జర్ ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇస్తుంది. 19 వోల్టులంటే 19 వోల్టులే. కాబట్టి పిన్ పట్టింది కదా అని వేరే వోల్టేజీ ఛార్జర్ పెడితే ల్యాప్‌టాప్ దెబ్బతినవచ్చు. టైప్‌-సిలో పద్ధతి వేరు. యూఎస్‌బీ పవర్ డెలివరీ (ఛార్జర్, పరికరం మాట్లాడుకుని వోల్టేజీ తేల్చుకునే పద్ధతి) ఉన్న ఛార్జర్‌ను కలపగానే ముందు 5 వోల్టులే వస్తాయి. తర్వాత ఛార్జర్ తాను ఇవ్వగలవాటి జాబితా పంపుతుంది: 5, 9, 15, 20 వోల్టులు, ఒక్కోదానికి ఇన్ని ఆంపియర్లు అని. ల్యాప్‌టాప్ తనకు కావలసింది అడుగుతుంది. ఒప్పందం కుదిరాకే వోల్టేజీ పెరుగుతుంది. అందువల్ల 65 వాట్ల ల్యాప్‌టాప్‌కు 100 వాట్ల మంచి ఛార్జర్ పెట్టినా ప్రమాదం లేదు. కావలసినంతే తీసుకుంటుంది.

ఈ సంభాషణలో కేబుల్‌కూ పాత్ర ఉంది. 3 ఆంపియర్లు దాటి పంపాలంటే ఛార్జర్ ముందు కేబుల్‌ను అడుగుతుంది. జవాబు చెప్పడానికి కేబుల్ కొసలో ఈ-మార్కర్ (కేబుల్ సామర్థ్యాన్ని తెలిపే చిన్న చిప్) ఉండాలి. జవాబు రాకపోతే ఛార్జర్ 3 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. 20 వోల్టుల దగ్గర లెక్క వేస్తే అది 60 వాట్లు. అంటే 100 వాట్ల ఛార్జర్ కొన్నా, మామూలు కేబుల్‌తో 60 వాట్లే వస్తాయి. దాని ఫలితం వెంటనే తెలియదు. బ్యాటరీ నెమ్మదిగా నిండుతుంది. బరువైన పని చేస్తుంటే ప్లగ్గులో ఉండగానే ఛార్జ్ తగ్గుతుంది. మనం బ్యాటరీ పోయిందనుకుంటాం. 2021లో వచ్చిన సవరణతో పవర్ డెలివరీ గరిష్ఠంగా 240 వాట్ల వరకు పెరిగింది. కొత్తగా కేబుల్ కొనేటప్పుడు 240 వాట్లని రాసి ఉన్నది తీసుకోవడమే మేలు. చాలా ఏళ్లు పనికొస్తుంది.

ఫోన్ ఛార్జర్ విషయంలో ఒక జాగ్రత్త. దానిమీద 80 వాట్లని ఉన్నా, ఆ వేగం చాలాసార్లు ఆ కంపెనీ సొంత పద్ధతిలోనే, దాని ఫోన్‌కే దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌కు అది పవర్ డెలివరీ కింద ఎంత ఇస్తుందో వెనక ఉన్న అవుట్‌పుట్ వరుసలో వెతకాలి. అక్కడ 20 వోల్టుల ప్రస్తావనే లేకపోతే దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఫైళ్ల బదిలీ. ఫోన్‌తో, కొన్ని ల్యాప్‌టాప్‌లతో వచ్చే ఛార్జింగ్ కేబుల్ లోపల సాధారణంగా యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. అది 2000 నాటి ప్రమాణం, గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. వాస్తవంలో సెకనుకు 40 మెగాబైట్ల లోపే అనుకోండి. 100 గిగాబైట్ల పెళ్లి వీడియోను దాంతో ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాలంటే ముప్పావు గంట పడుతుంది. అదే ఎస్‌ఎస్‌డీ, అదే ల్యాప్‌టాప్, 10 గిగాబిట్ల కేబుల్ పెడితే రెండు నిమిషాల పని. ఎస్‌ఎస్‌డీతో పాటు పెట్టెలో వచ్చే పొట్టి కేబుల్‌ను అందుకే పారేయకూడదు. వేగం పెరిగేకొద్దీ కేబుల్ పొడవు తగ్గాలి. 40 గిగాబిట్ల వేగాన్ని లోపల చిప్‌ల సాయం లేని మామూలు కేబుల్ దాదాపు 0.8 మీటర్ల వరకే మోస్తుంది. రెండు మీటర్లుండి, 40 గిగాబిట్లు ఇచ్చి, చాలా చవకగా దొరుకుతోందంటే అనుమానించాల్సిందే.

తెర విషయంలో ముందుగా చూడాల్సింది పోర్టును. దాని పక్కన డిస్‌ప్లే గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు బాణం గానీ ఉందేమో చూడండి. గుర్తు లేకున్నా సదుపాయం ఉండొచ్చు. మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్‌-సి తీగల్లోంచే బొమ్మను పంపే పద్ధతి) అన్న మాట ఉంటే నిశ్చింత. అది లేని పోర్టుకు టైప్‌-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఎంత మంచిది కొన్నా బొమ్మ రాదు. ఈ కేబుళ్లు ఒకవైపే పనిచేస్తాయి కూడా. ల్యాప్‌టాప్ నుంచి టీవీకి వెళ్లే కేబుల్‌ను తిప్పి పెట్టి, సెట్‌టాప్ బాక్సు బొమ్మను టైప్‌-సి మానిటర్‌కు పంపలేం. 4కె తెర ఉన్నవాళ్లు అడాప్టర్ మీద 60 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడాలి. 30 హెర్ట్జ్‌ది అయితే మౌస్ బాణం కూడా తడబడుతూ కదులుతుంది. కాలేజీల్లో ఇంకా వీజీఏ ప్రొజెక్టర్లు వాడుతున్నారు కనుక విద్యార్థులు, అధ్యాపకులు ఆ అడాప్టర్ ఒకటి సంచిలో ఉంచుకోవచ్చు. అందులో శబ్దం రాదని గుర్తుంచుకోవాలి.

అన్నీ కలిపిన హబ్ కొంటే సౌకర్యమే. కానీ దాని గుండా ఛార్జ్ చేస్తే పది, పదిహేను వాట్లు అదే ఉంచుకుంటుంది. 65 వాట్ల అడాప్టర్‌లో ల్యాప్‌టాప్‌కు 50 వాట్లు చేరతాయి.

మరీ చవక కేబుళ్ల గురించి ఒక్క మాట. 2015, 2016లలో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ ఆన్‌లైన్‌లో అమ్మే టైప్‌-సి కేబుళ్లను కొని పరీక్షించి ఫలితాలు ప్రకటిస్తూ వచ్చారు. లోపల తీగలు తప్పుగా కలిపిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. పేరు లేని కేబుల్ కొని లక్ష రూపాయల పరికరానికి తగిలించడం నా దృష్టిలో పొదుపు కాదు. వాట్లు, గిగాబిట్లు రెండూ ముద్రించి ఉన్న కేబుల్‌ను, బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్న అడాప్టర్‌ను అడిగి తీసుకోండి.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. వాటి అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు భయం లేదు. ప్లగ్గు ఆకారం మార్చే కన్వర్టర్ చాలు. ఆ కన్వర్టర్ వోల్టేజీని మార్చదు కాబట్టి 120 వోల్టులని మాత్రమే రాసి ఉన్న వస్తువులకు దాన్ని వాడకూడదు. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ లోహపు ఒంటిమీద చేయి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంటే, చాలాసార్లు కారణం ఎర్తింగ్ అందకపోవడమే. రెండు పిన్నుల కన్వర్టర్ తీసేసి, అడాప్టర్‌కు సరిపోయే మూడు పిన్నుల భారతీయ పవర్ కార్డ్ కొనుక్కోండి. అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ తీగ నిజంగా కలిపి ఉందో లేదో చూపించండి.