ఇద్దరు కౌన్సెలర్లు, ఒక మనసు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మన పెద్దలు చెబుతారు. బాగన్ దాతుక్‌లో ఉండేవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. పెరాక్ నది సముద్రంలో కలిసే చోటు అది. మలయ్ భాషలో బాగన్ అంటేనే పడవల రేవు. మరి మనసు బాగోలేనప్పుడు ఏకకాలంలో ఇద్దరు కౌన్సెలర్ల దగ్గరకు వెళ్ళడం కూడా రెండు పడవల ప్రయాణమేనా? ఈ ప్రశ్న ఆ ఊళ్ళో ఉంటున్న మన సోదరి ఒకరికి ఎదురైంది. పేరు రాయకుండా ఉంటే నలుగురికీ చెప్పవచ్చునని ఆమె అనుమతించబట్టే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి కూలికి వచ్చిన మనవారు ఆ ప్రాంతపు కొబ్బరి తోటల్లో స్థిరపడ్డారు. ఈ సోదరి కుటుంబం మాత్రం ఉద్యోగరీత్యా వచ్చినది. దగ్గర బంధువులు ఎవరూ లేరు. 2020 మార్చి 18న మలేసియాలో రాకపోకలపై ఆంక్షలు మొదలయ్యాయి. ఆ ఏడాదే ఆంధ్రలో ఆమె తల్లి పోయారు. కడసారి చూపు ఫోనులోనే దక్కింది. పెద్దకర్మ కూడా ఫోనులోనే.

ఆ తర్వాత నిద్ర పోయింది. డాక్టరు సలహా మీద తెలుక్ ఇంతాన్‌లో ఒక మలయ్ కౌన్సెలరమ్మ దగ్గరకు వెళ్ళసాగారు. మాటలన్నీ ఇంగ్లీషులో. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవాలని, పడుకోబోయే ముందు మనసును కలచివేసే పనులు పెట్టుకోవద్దని, ఎన్ని గంటలు నిద్రపోయిందీ రోజూ రాయాలని ఆవిడ చెప్పారు. గుణం కనిపించింది. కాని 'బెంగ' అనే మాటకు మన సోదరికి ఇంగ్లీషు దొరకలేదు. మాసికమంటే ఏమిటో, తద్దినమంటే ఏమిటో చెప్పేసరికే సమయం అయిపోయేది.

ఏడాది గడిచాక హైదరాబాదులో ఉన్న ఒక తెలుగు కౌన్సెలరుతో వీడియోలో మాట్లాడడం మొదలుపెట్టారు. మొదటిరోజే కడుపారా ఏడ్చారట. అయితే ఈ సంగతి మొదటావిడకు చెప్పలేదు. ఏడాదిపాటు ఓర్పుగా విన్న మనిషి నొచ్చుకుంటారేమోనని భయం. రెండో ఆయనకూ మొదటావిడ సంగతి చెప్పలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. మనసులో ఉన్నదంతా తల్లికి ఉత్తరంగా రాయమన్నారు రెండో ఆయన. పిల్లలు పడుకుంటే గాని ఈమెకు తీరిక లేదు. రాత్రి పదకొండు గంటలకు రాస్తూ ఏడవడం, తెల్లవారే దాకా మేలుకోవడం. నిద్ర లెక్క చూసిన మొదటావిడ తన పద్ధతి పనిచేయలేదనుకొని, మందుల కోసం సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతానన్నారు. ఇద్దరి సలహాలూ మంచివే. ఒకరి మాట ఒకరికి తెలియకపోవడమే చెడింది.

అప్పుడు చెప్పేశారు. మొదటావిడ నొచ్చుకోలేదు సరికదా, "ఆయన ఏమి చేయిస్తున్నారు?" అని అడిగారు. ఈమె సంతకంతో అనుమతి ఇచ్చాక కౌన్సెలర్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఉత్తరం శనివారం ఉదయానికి మారింది. నిద్ర, భయం మొదటావిడ వంతు. తల్లి దుఃఖం రెండో ఆయన వంతు. నెల తిరిగేసరికి నిద్ర దారిన పడింది. మందుల అవసరం రాలేదు.

ఇదేమీ వింత పద్ధతి కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం నియమావళిలో, వేరొకరి దగ్గర చికిత్స పొందుతున్నవారి విషయంలో ఎలా మెలగాలో చెప్పడానికే ఒక నియమం ఉంది. చేర్చుకోవద్దని అది అనదు. గందరగోళం రాకుండా ముందుగా మాట్లాడుకోమంటుంది. మార్షా లైనెహాన్ రూపొందించిన చికిత్సలో విడిగా మాట్లాడేవారు ఒకరు, బృందంలో నేర్పేవారు మరొకరు ఉండడం మామూలే. వారు తమలో తాము తరచు సంప్రదించుకుంటారు. భార్యాభర్తలు కలిసి ఒకరి దగ్గరకు, విడిగా మరొకరి దగ్గరకు వెళ్ళడమూ ఉన్నదే.

కాబట్టి మనవారికి మా మనవి ఇది. రెండో వారు ఎందుకో ముందు మీకు తెలియాలి. భాష కోసమా, వేరే పని కోసమా? మొదటివారు చెప్పిన చేదు మాట తప్పించుకోవడానికే అయితే అది నిజంగా రెండు పడవల ప్రయాణమే. ఇద్దరికీ మొదటి వారంలోనే చెప్పండి. ఎవరి పని ఏదో పంచుకోమనండి. మందులు రాసే డాక్టరుకూ తెలియనివ్వండి. ఆపద వేళ ఎవరిని పిలవాలో ముందే తేల్చుకోండి. ఎవరూ దొరకకపోతే మలేసియాలో 15555 ఉంది. ఇక్కడ 1998 కౌన్సెలర్ల చట్టం ప్రకారం కౌన్సెలర్లు నమోదై ఉండాలి. ఆ సంగతి అడగడానికి మొహమాటపడకండి.

మన సోదరి ఇప్పుడు హైదరాబాదు ఆయనతో పని ముగించుకొని, తెలుక్ ఇంతాన్‌కు నెలకొకసారి వెళుతున్నారు. తనలాగే దాచుకొని ఉన్నవారు ఇంకా ఉంటే వచ్చే వారమే చెప్పేయమని ఆమె మాట. అయిదు వారాలు దాచినందుకు అయిదు వారాల నిద్ర పోయిందని ఆమె నవ్వుతూ అన్నారు.