ఉమ్మడి గడియలు

మానేటికి ఒక గట్టున సిరిసిల్ల, ఆవలి గట్టున తంగళ్ళపల్లి. రెండుచోట్లా మరమగ్గం చప్పుడు వినవస్తుంది. ఇక్కడివారు దానిని సాంచె అంటారు. 2017లో బతుకమ్మ చీరల నేతను ప్రభుత్వం ఈ ప్రాంతపు మగ్గాలకు అప్పగించి, కొన్నేళ్లపాటు కొనసాగించింది. లక్షల చీరలు, పండుగనాటికి ముగియవలసిన పని. అటువంటి పనిని పదిమంది పంచుకొన్నప్పుడు ఒక న్యాయం తనంతట తానే బోధపడుతుంది. ఎనిమిది సాంచాలు గలవాడు పదహారింటికి చాలిన పడుగు భీములు తెచ్చి పెట్టుకొంటే, సగం భీములు మూలన పడియుంటాయి. పొరుగింటి సాంచాలు ఊరక నిలుస్తాయి. పండుగ మాత్రం ఎవరికోసమూ ఆగదు.

సూపర్ కంప్యూటర్ అనే మహాగణన యంత్రం వద్దనూ ఈ న్యాయమే చెల్లుతున్నది. దేశంలోని విద్యాసంస్థలకు ఇటువంటి యంత్రాలను సమకూర్చుటకై భారత ప్రభుత్వం 2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను ఆరంభించింది. దాని క్రిందనే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో ‘పరమ్ సేవా’ నెలకొన్నది. దాని గరిష్ఠ శక్తి 838 టెరాఫ్లాప్‌లు. అనగా సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. అంతటి యంత్రమైనా ఒక్కరి సొత్తు కాదు. పలువురు పంచుకోవలసిందే.

యంత్రంలోని ఒక్కొక్క గణన భాగానికి కోర్ అని పేరు. ఒక కోర్ ఒక గంట పనిచేస్తే ఒక కోర్-గంట. నూరు కోర్లు పది గంటలు నడిస్తే వేయి. ఒక బృందానికి లక్ష కోర్-గంటలు లభించాయనుకొందాము. అటువంటి పనులు నూరు ముగిసేసరికి ఖాతా సున్న.

పని పంపేవాడు ఎన్ని కోర్లు, ఎంతసేపు కావాలో ముందుగా తెలుపవలెను. పెద్ద పనికి కావలసిన కోర్లన్నీ ఖాళీ అయ్యేలోగా, నడుమ దొరికే సందులలో చిన్న పనులను యంత్రం సాగిస్తుంది. రెండు గంటల పనికి రెండు రోజులు అడిగినవాడు ఆ సందులో ఇమడడు, తానే వెనుకబడతాడు. మరీ తక్కువ అడిగినవాని పని గడువు తీరగానే తెగిపోతుంది. అందుచేత అనుభవజ్ఞులు మొదట చిన్న నమూనాను నడిపి కాలం అంచనా కట్టుకొంటారు. దీర్ఘమైన పనిలో నడుమ నడుమ ఫలితాన్ని భద్రపరచి, తెగినచోటినుండి మళ్లీ అందుకొంటారు. కోర్లు రెట్టింపైతే కాలం సగమవుతుందన్న నమ్మకమూ నిజం కాదు. అవి ఒకదానితో నొకటి సంప్రదించుకొనుటకే కొంత కాలం చెల్లిపోతుంది.

ఇటీవల ఎక్కువ వాడుకొన్నవారిని వరుసలో వెనుకకు జరిపే ఏర్పాటు అనేక కేంద్రాలలో ఉన్నది. అది ముందువెనుకలను సరిదిద్దగలదు; ఖర్చయిన గంటలను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఒకే ఖాతాను పదిమంది పంచుకొనేచోట అసలు చిక్కు ఇదే. ఒకరు పరీక్షింపని ప్రోగ్రామును రాత్రంతా నూరు కోర్లపై నడిపితే, ఆ గంటలు పోయినవే. నష్టపడేది చివర వచ్చే విద్యార్థి. సిద్ధాంత వ్యాసానికి ఒక్క లెక్క మిగిలి, గడువు దగ్గరపడి, ఖాతాలో గంటలు లేక అతడు నిలిచిపోతాడు. తనకు అడ్డుపడినది ఎవరో అతనికి తెలియదు, అడ్డుపడినవానికీ తెలియదు.

అందువల్ల ఎవరి వాటా ఎంతో ముందే వ్రాసుకోవాలి. కొన్ని గంటలను ఎవరికీ కేటాయింపక ఆపదకై నిలువ ఉంచాలి. వారం వారం ఖర్చును అందరి ఎదుటా చదువుకోవాలి. తనకు మిగులుతాయని తోచినవాడు వేళకు చెప్పి తోటివారికి విడిచిపెట్టాలి. గడువు దాటిన గంటలు పలుచోట్ల తరువాతి కాలానికి జమపడవు.

సాంచె ఎక్కని భీము గుడ్డ కాదు. పనికి రాని గంట ఫలితం కాదు. తనకు కావలసినంతే కావాలని అడగడం చూడబోతే చిన్న మాట; ఉమ్మడి ఖాతా నిలిచేది ఆ మాట మీదనే.