రోడ్డు రాకముందే అడగవలసిన మాటలు



ఈ మధ్య మా ఓ.పి. వరండాలో రోగుల వెంట వచ్చినవారు ఎక్కువగా మాట్లాడుకొనేది రోడ్డు గురించే. అమరావతి చుట్టూ తలపెట్టిన ఔటర్ రింగ్ రోడ్డు ఎవరి పొలంలోంచి పోతుంది, ఎకరానికి ఎంత ఇస్తారు అని. సుమారు 190 కిలోమీటర్ల ఈ జాతీయ రహదారి గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల మీదుగా పోవలసి ఉంది. 2025లో భూసేకరణ పని ముందుకు కదిలింది. భూమి ధర అడగవద్దని మేము అనము. కాని వాన నీళ్లు ఎటు పోతాయని ఒక్కరైనా అడగగా మేము వినలేదు.

మేము రోడ్డుకు వ్యతిరేకులము కాము. రక్తస్రావంతో వచ్చే బాలింత అరగంట ముందు చేరితే ఏమవుతుందో మా లేబర్ రూం సిస్టర్లను అడగండి, చెబుతారు.

అయితే ఇంకొక సంగతి కూడా మాకు గుర్తుంది. కొన్ని సంవత్సరాల క్రితం మా ఆసుపత్రికి దగ్గరలో ఒక రోడ్డును వెడల్పు చేసి, కట్ట ఎత్తు పెంచారు. తూములు చాలలేదు. మనది నల్లరేగడి నేల, తడిస్తే నీరు లోపలికి దిగదు. ఆ వానాకాలం పల్లపు వీధిలో వారం రోజులకు పైగా నీళ్లు నిలిచాయి. బోరింగు చప్టా మునిగింది, ఆ నీళ్లే తాగారు. వాంతులు, విరేచనాలతో ఆ ఒక్క వీధినుండే ఎంతమంది వచ్చారంటే, మంచాలు చాలక వరండాలో చాపలు పరచి, సెలైన్ సీసాలను కిటికీ చువ్వలకు కట్టాము. రోడ్డు వేయకముందే ఇటువంటి సంగతులు అడిగే వీలుంటుందేమో కనుక్కోవాలని అప్పట్లో మాకు తోచనే లేదు.

పెద్ద రోడ్డుకు అనుమతి ఇచ్చేముందు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారు చేస్తారు. ఆపరేషనుకు ముందు మేము రోగికి బి.పి., షుగరు చూసినట్లే, అక్కడి గాలి, నీరు, నేల, చప్పుడు ఇప్పుడెలా ఉన్నాయో ముందుగా కొలుస్తారు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ నమూనాలు సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజనులోనే తీస్తారు. సాయంత్రం పూట చలిజ్వరం వచ్చే మనిషికి పొద్దున టెంపరేచర్ చూసి, ఛార్టులో నార్మల్ అని రాసినట్లుంటుంది. మన కష్టమంతా వానల్లోనే కదా. కొండవీటి వాగు కొండవీడు కొండల్లో పుట్టి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణలో వరద ఉన్నప్పుడు వాగు నీరు నదిలోకి పోలేక పొలాలమీద పడుతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం పెట్టి, మోటార్లతో తోడవలసి వచ్చింది. ఇటువంటి చోట ఇంకొక కట్ట లేస్తే తూములు ఎక్కడ, ఎంత వెడల్పు అన్నది ఇంజనీర్లకే వదిలే మాట కాదు. వాగు ఏ సంవత్సరం ఏ గడపదాకా వచ్చిందో ఊరి పెద్దలకు తెలిసినంతగా మ్యాపుకు తెలియదు.

మట్టి తవ్విన గుంతలను ఎవరు పూడుస్తారో కూడా అడగండి. వాటిలో నీళ్లు నిలిస్తే మలేరియా దోమకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే.

ఇక దుమ్ము. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో పనిచేస్తే కాయమీద పడిన దుమ్ము కంటికి కనబడుతుంది. కనబడని సన్నని దుమ్ము ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఈ సన్నని దుమ్ము, అంటే పి.ఎం. 2.5, ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలునన్నది. ఆయాసం ఉన్నవారు ఏ లెక్క పాటించాలో మీరే ఆలోచించండి. పని జరిగినన్ని నెలలు రోజుకు ఎన్నిసార్లు నీళ్లు చల్లుతారో, మట్టి లారీలకు పట్టాలు కప్పుతారో లేదో రాతలో ఉండాలి. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో చప్పుడు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. మా వార్డులో రాత్రి డ్యూటీ చేసినవారు ఈ మాట విని నవ్వుకుంటారు.

ఈ మాటలు చెప్పే చోటు ప్రజాభిప్రాయ సేకరణ సభ. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో చూడవచ్చు. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభను వీడియో తీస్తారు. చివర మనం చెప్పినవాటిని తెలుగులో చదివి వినిపించాలి. మీరు చెప్పింది అందులో రాకపోతే అక్కడే లేచి అడగండి. అక్కడ ఓటింగు ఉండదు, తుది నిర్ణయం కూడా అక్కడ జరగదు. కాని రికార్డులోకి ఎక్కిన ప్రశ్నకు రోడ్డు వేసేవారు జవాబు రాయవలసిందే.

అన్ని రోడ్లకు ఈ సభ ఉండదు. కొత్త జాతీయ రహదారికి ఉంటుంది. ఉన్న రహదారిని వెడల్పు చేసేటప్పుడు, 2013 సవరణ ప్రకారం, పొడవు 100 కిలోమీటర్లు దాటి, ఉన్న దారి వెంబడి 40 మీటర్లకు మించి అదనపు భూమి తీసుకుంటేనే ఆ అనుమతి కావాలి. చిన్న విస్తరణలు ఇందులోకి రావు. అప్పుడు భూమి పోయేవారికి మిగిలేది భూసేకరణ ప్రకటన వచ్చిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడమే. చాలామంది ఈ గడువు దాటాక మా దగ్గరకు కాగితాలు పట్టుకొని వస్తుంటారు, చదివిపెట్టమని.

మా వంతు పని మేము మొదలుపెట్టాము. విరేచనాలు, జ్వరం, ఆయాసం కేసులు ఏ ఊరినుండి ఏ నెలలో ఎన్ని వచ్చాయో, పేర్లు లేకుండా, పాత రిజిస్టర్లనుండి మా సిస్టర్లు ఎత్తి రాస్తున్నారు. సభకు వెళ్లే సంఘ పెద్దలకు, గ్రామస్థులకు ఆ కాగితం ఇస్తాము. మీ ప్రాంతంలో ఏ రోడ్డు గురించైనా సభ ప్రకటన పేపరులో కనబడితే ఆ ముక్క కత్తిరించి రికార్డు కౌంటరులో ఇవ్వండి. ఓ.పి. గోడమీద, మందుల కిటికీ పక్కన అంటిస్తాము.