రైలెక్కినా ఆగని ప్రోగ్రాం

మాది చీపురుపల్లి. విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లినక్స్ సర్వర్ చూసుకుంటాను. ల్యాబ్‌లో పిల్లలంతా ఆ ఒక్క మెషీన్‌లోకే లాగిన్ అవుతారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ నుంచి వచ్చిన పద్ధతే ఇది. యంత్రం ఒకటే, వాడేవాళ్లు బోలెడుమంది. ఒకడి ప్రోగ్రాం అదుపు తప్పితే మిగతావాళ్ల తెరలు కదలవు. "సార్, ఏటి కొట్టినా రావట్లేదు" అని కేకలు మొదలవుతాయి.

ముందు అప్‌టైమ్ కొడతాను. గత 1, 5, 15 నిమిషాల్లో సగటున ఎన్ని పనులు వరసలో ఉన్నాయో మూడు అంకెలు చెబుతాయి. మాది 8 కోర్ల మెషీన్, 8 దాకా కంగారు లేదు. మొదటిది 20, చివరిది 3 ఉంటే తంటా ఇప్పుడే మొదలైనట్టు. అయితే డిస్కు కోసం ఆగినవాటినీ లినక్స్ ఇందులో కలిపేస్తుంది.

తర్వాత టాప్. సీపీయూ ఎక్కువ వాడేవాటిని పైకి తెస్తుంది. వంద శాతం కనబడగానే చంపేసేవాళ్లుంటారు, అది నాకు గిట్టదు. ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు లెక్కలూ రాత్రంతా వంద శాతమే వాడతాయి మరి.

అసలు దొంగ పీఎస్‌లో దొరుకుతాడు. టెర్మినల్ గడిలో ప్రశ్నార్థకం, తల్లి ప్రాసెస్ నంబరు 1, వాడిన సీపీయూ సమయం గంటల్లో. లాగిన్‌లో ఎవరున్నారో చూద్దామని హూ కొడితే దాన్ని నడిపిన కుర్రాడి పేరే లేదు. పలాస ప్యాసింజర్‌కి టైమైందని వెళ్లిపోయాడు. "నోహప్ పెట్టు, నువ్వెళ్లిపోయినా నడుస్తాది" అని సీనియర్లు చెప్పుంటారు. నడిచింది, నిజమే. అది అంకె అడిగే మెనూ ప్రోగ్రాం. ఇవ్వడానికి కీబోర్డు లేదు. స్కాన్‌ఎఫ్ వట్టి చేతులతో తిరిగొస్తుంది, లూప్ అది చూసుకోదు, మళ్లీ అడుగుతుంది. నోహప్ డాట్ అవుట్ ఫైలు తెరిస్తే "ఎంటర్ యువర్ చాయిస్" లక్షల వరసలు. సీపీయూతో పాటు డిస్కుకీ ఎసరే.

నోహప్ పెట్టిన మంచి ప్రోగ్రాం కూడా పీఎస్‌లో ఇలాగే కనబడొచ్చు. అందుకే స్ట్రేస్ తగిలించి చూస్తాను. అవే రెండు మూడు సిస్టమ్ పిలుపులు ఆగకుండా తిరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే రీనైస్‌తో ప్రాధాన్యం 19కి దించి, కుర్రాడికి ఫోన్ చేస్తాను.

కిల్ కూడా ముందు సిగ్నల్ 15తోనే. సర్దుకుని పోవడానికి ప్రోగ్రాంకి అవకాశం ఉంటుంది. 9 కొడితే తాత్కాలిక ఫైళ్లు ఎక్కడివక్కడే మిగులుతాయి. డిస్కు దగ్గర ఇరుక్కున్నది ఒక్కోసారి 9కీ కదలదు.

ఈ మధ్య ఫస్టియర్ అకౌంట్లకి యూలిమిట్‌తో సీపీయూ సమయానికి హద్దు పెట్టాను. ఫైనలియర్ వాళ్లకి పెట్టలేదు. అందుకు ఫస్టియర్ వాళ్లకి నామీద కోపం.